కంప కొట్టిన చేను



చిత్తిరై ఎండల్లో అరుప్పుకోట్టై నుంచి పందల్గుడి మీదుగా ఎట్టయాపురం వైపు వెళ్తే రోడ్డుకి అటూ ఇటూ కంటికి ఆనినంత మేరా పచ్చగానే ఉంటుంది. నల్లరేగడి బీటలు వారి, చెరువు అడుగున మట్టి పెచ్చులు లేచే రోజుల్లో ఆ పచ్చదనం ఎక్కడిదా అని కొత్తవాళ్ళు ఆశ్చర్యపోతారు. ‘ఇంత పచ్చగా ఉంటే కరువు సీమ అంటారేంటి?’ అని హైదరాబాదు నుంచి వచ్చిన చుట్టాలు అడుగుతారు. మావాళ్ళు నవ్వి ఊరుకుంటారు. అది పంట కాదు, తోట కాదు. దాని పచ్చి ఆకుని మేకైనా సరిగ్గా ముట్టదు. అదంతా సీమ కరువేలం. ఆంధ్రాలో సర్కారు తుమ్మ అనీ కంపచెట్టు అనీ పిలుచుకునేది దీన్నే.

విరుదునగర్, కోవిల్‌పట్టి చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు ఇళ్ళు చాలా ఉన్నాయి. నాయుళ్ళు, రెడ్లు, రాజకంబళంవాళ్ళు, ఇంకా ఎందరో. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. తరతరాలుగా పత్తి, సజ్జ, జొన్న, మినుము, ధనియాలు పండించినవాళ్ళు. ఆ ఇళ్ళ పిల్లలు ఇవాళ చెన్నైలో ఉన్నారు, కోయంబత్తూరులో ఉన్నారు, దుబాయిలో ఉన్నారు. తాత పేరున ఉన్న నాలుగెకరాలూ కంప మూసేసింది. పొంగలికి ఊరొచ్చి గట్టు మీద నిలబడితే మన చేను ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కూడా కనబడదు. అప్పుడు పుడుతుంది ఆలోచన: జేసీబీ పెట్టి కొట్టించేద్దాం అని. ఈరోజు నేను మాట్లాడదలచుకున్నది ఆ కొట్టించడం గురించే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మళ్ళీ విత్తే ఉద్దేశం లేనివాళ్ళు ఆ చెట్టుని ముట్టుకోకుండా ఉండడమే మంచిది. ఎందుకో వివరిస్తాను.

ముందు దీని పుట్టు పూర్వోత్తరాలు కొంచెం చూద్దాం. ఈ చెట్టు సొంత ఊరు మెక్సికో, మధ్య అమెరికా, దక్షిణ అమెరికా ఉత్తర భాగం. మన దేశంలో దీన్ని మొదట నాటింది తెలుగు నేల మీదే. మదరాసు ప్రెసిడెన్సీ అటవీశాఖలో కల్నల్ బెడ్డోం అనే పెద్ద అధికారి ఉండేవాడు, వృక్షశాస్త్రంలో కూడా దిట్ట. వానలేని బీళ్ళలో వంటచెరకు పెంచడానికని ఆయన విత్తనాలు అడిగితే జమైకా నుంచి వచ్చాయి. 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. మన పూర్వీకులు ఉత్తరాన్నుంచి ఈ నల్లరేగడికి ఎలా దిగివచ్చారో, చెట్టూ అలాగే వెనకాల దిగివచ్చింది.

మా ప్రాంతంలో మాత్రం ఇంకో కథ చెబుతారు. ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు కామరాజ్ వంటచెరకు కరువు తీర్చడానికి దీని విత్తనాలు చల్లించాడని పెద్దవాళ్ళ మాట. ఆయన విరుదునగర్ మనిషి కాబట్టి కథ ఇక్కడ బాగా అతికింది. ఆయన ముఖ్యమంత్రిగా ఉన్నది 1954 నుంచి 1963 దాకా. అప్పటికే ఆ చెట్టు ప్రెసిడెన్సీలో అడుగుపెట్టి డెబ్బై ఏళ్ళు దాటింది. ఎవరు చల్లారన్న గొడవ పక్కన పెడితే, ఒక్క సంగతి మాత్రం ఒప్పుకోవాలి. కట్టెపుల్ల కోసం ఆడవాళ్ళు మైళ్ళు నడిచిన రోజుల్లో ఈ చెట్టు ఊరి పొలిమేర దాకా పొయ్యిలోకి కట్టె తెచ్చిపెట్టింది. చేనుకి కంచె అయింది. ఆనాడు దాన్ని తిట్టినవాళ్ళు ఎవరూ లేరు.

ముళ్ళు కొట్టి నేల చేసుకోవడం ఇక్కడి తెలుగువాళ్ళకి కొత్తేమీ కాదు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ తమిళంలో రాసిన ‘గోపల్ల గ్రామం’ కథే అది. తెలుగు సీమ నుంచి పారిపోయి వచ్చిన కుటుంబాలు అడవి నేలలో ఊరు కట్టుకున్న వృత్తాంతం. దాని తరువాయి నవలకి 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. అయితే ఆ వలసల నాటి అడవిలో ఈ సీమ చెట్టు లేదు. అప్పుడున్నవి నల్లతుమ్మ, జమ్మి, బ్రహ్మజెముడు జాతి మొక్కలు.

మరో ముల్లు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే అది మనం గెలిచిన కథ. నాగజెముడు. అదీ అమెరికా నుంచి వచ్చినదే. దాని మీద బతికే పురుగు నుంచి ఎర్ర రంగు తీయవచ్చని ఈస్టిండియా కంపెనీ ఆశపడింది. 1795లో బ్రెజిల్ నుంచి పురుగుని తెప్పించింది. వచ్చింది వేరే రకం పురుగు. రంగు సరిగ్గా రాలేదు గానీ ఒక జాతి నాగజెముడుని మాత్రం తినేసింది. కలుపుని పురుగు చేత అణచడం ప్రపంచంలో అదే మొదలని శాస్త్రజ్ఞులు రాస్తారు. మిగిలిన జాతి దక్షిణ జిల్లాల బీళ్ళని మూసేసింది. 1926లో సింహళం నుంచి ఇంకో రకం పురుగుని తెచ్చి వదిలారు. కొద్ది ఏళ్ళలోనే నాగజెముడు గుట్టలు గుట్టలుగా కుళ్ళిపోయింది. మా తాతల తరం ఆ నేలని గొడ్డలి ముట్టకుండానే తిరిగి తీసుకుంది.

అలాంటి పురుగు సీమ కరువేలానికి లేదా? ఉంది. దక్షిణాఫ్రికా వాళ్ళు గింజల్ని తొలిచే పురుగుని తెచ్చుకున్నారు. గింజని మాత్రమే తినేదాన్ని ఏరికోరి తెచ్చారు, ఎందుకంటే అక్కడి పశువుల కాపరులకి కాయలూ కావాలి, నీడా కావాలి. ఆస్ట్రేలియా ఇంకో అడుగు వేసి ఆకుని చుట్టేసే చిన్న చిమ్మెటని వదిలింది. మన దగ్గర ఎవరూ వదలలేదు. బొగ్గు మీద, కట్టె మీద బతికే కుటుంబాలు వేలల్లో ఉన్నప్పుడు ఒక పురుగుని వదిలితే దాన్ని మళ్ళీ వెనక్కి పిలవలేం గదా. కాబట్టి మనకి మిగిలింది గొడ్డలీ, గునపమూ, యంత్రమూ.

ఇప్పుడు చెట్టు దగ్గరికి వద్దాం. దాని బలం రెండు చోట్ల ఉంది: కాయలో, మొదట్లో. కాయ పసుపుపచ్చగా, తియ్యగా ఉంటుంది. పశువులు, మేకలు, పందులు ఇష్టంగా తింటాయి. ఒక్కో కాయలో పది ఇరవై గింజలుంటాయి. వాటి తోలు ఎంత గట్టిదంటే ఆవు కడుపులో కూడా అరగదు. పైగా ఆ కడుపులో నాని, తోలు పలచబడి, పేడతో సహా బయటపడ్డ గింజకి మొలకెత్తడం ఇంకా తేలిక. ఎరువు పేరుతో దాన్ని మనమే మోసుకెళ్ళి చేలో వేస్తున్నామన్నమాట. మొలవని గింజ మట్టిలో ఏళ్ళ తరబడి ఓపిగ్గా పడి ఉంటుంది.

ఇక మొదలు. కంప కొట్టడానికి వచ్చే కూలీలు గొడ్డలి వేసేది నేల మట్టానికి కాస్త పైన. అక్కడ నరికితే చెట్టు చావదు. మోడు చుట్టూ నెల తిరక్కుండా పిలకలు వస్తాయి. ఒక్క కాండం ఉన్నచోట ఆరేడు కాండాలు లేస్తాయి. నరికిన మరుసటి ఏడు చేను చూస్తే ముందుకన్నా చిక్కగా ఉంటుంది. చిగుళ్ళు పుట్టే కణుపులన్నీ కాండం, వేరు కలిసేచోటి దుంపలో, మట్టిలో జానెడు లోతులో దాక్కుని ఉంటాయి. ఆ దుంపని మట్టిలోంచి పెకలించాలి, లేదా దాని కింద నుంచి కోయాలి. దాని అడుగున పోయే వేరు ఎంత లోతుకి దిగినా ఫర్వాలేదు, వట్టి వేరు నుంచి మళ్ళీ చెట్టు రాదు. ఆ లోతు కూడా తక్కువేమీ కాదు లెండి. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో గని తవ్వుతుంటే దీని దాయాది చెట్టు వేరు నేలకి 50 మీటర్ల పైచిలుకు కింద కనబడిందని 1963లో రాసి పెట్టారు.

దుంప తీయడానికి నల్లరేగడి ఒక పట్టాన లొంగదు. తడిస్తే కాలికి ముద్దలు ముద్దలుగా అంటుకుంటుంది, యంత్రం చక్రం దిగబడుతుంది. ఎండితే గునపం కొస ఠంగుమని తిరిగి వస్తుంది. మధ్యలో కొద్ది రోజుల అదను ఉంటుంది. వేసవి వాన ఒకటి రెండు పడి, పైన ఆరి, లోపల పదును ఉన్న రోజులు. ఊళ్ళో అనుభవమున్న జేసీబీ డ్రైవరు ఆ అదనులోనే పని ఒప్పుకుంటాడు. బకెట్ పళ్ళని మోడుకి అడుగున్నర దూరంలో దించుతాడు. ఎదురుగా లాగడు, కిందినుంచి ఎత్తుతాడు. నేల ఉబ్బి, సన్న వేళ్ళు పటపటమని తెగి, దుంప మట్టితో సహా పైకి లేస్తుంది. కొత్త డ్రైవరయితే ముందు కాండాన్ని పట్టి లాగుతాడు. కాండం విరిగిపోతుంది, దుంప నేలలోనే ఉంటుంది. గంటకింత అని మీటరు తిరుగుతూనే ఉంటుంది. అందుకే ఆ పని జరిగే రోజు చేను సొంతదారుడు గట్టు మీద ఉండి తీరాలి. ఫోన్‌లో దుబాయి నుంచి చేయించే పని కాదది.

కంప చేలోకి దిగేవాళ్ళకి కాలికి చెప్పు కూడా పనికిరాదు. ఆ ముల్లు రబ్బరు చెప్పుని దాటుకుని అరికాల్లో దిగి అక్కడే విరుగుతుంది. వాచి, చీము పట్టి, పది రోజులు మంచాన వేస్తుంది. ట్రాక్టరు టైరుకే దిక్కులేదు. కొట్టిన కంపని చేలోనే వదిలి దున్నినవాళ్ళు పంక్చరు అంగడికి ఎంత కట్టారో చెప్పరు గానీ, రెండోసారి అలా చేయరు.

పోయిన వేసవిలో తిరుచ్చుళి దగ్గర ఒక బొగ్గు బట్టీ పక్కన కాసేపు కూర్చున్నాను. కట్టెని నిలువుగా పేర్చి, పైన ఆకులూ గడ్డీ కప్పి, మీద మట్టి మెత్తి, చిన్న కన్నంలోంచి నిప్పు పెడతారు. మూట్టం అంటారు దాన్ని. గాలి ఎక్కువ తగిలితే కట్టె బూడిదవుతుంది, తగలకపోతే ఆరిపోతుంది. రోజుల తరబడి ఒకరు కాపలా ఉండాలి. పగులు కనబడ్డచోటల్లా మట్టి మెత్తుతూనే ఉండాలి. మొదట తెల్లగా, దట్టంగా వచ్చే పొగ పలచబడి నీలంగా మారితే లోపల బొగ్గు తయారైనట్టు. అక్కడ పని చేసే ఒకావిడ తెలుగులోనే మాట్లాడింది. ‘అక్కా, ఈ చెట్లన్నీ పీకేస్తే నీకు నష్టం కాదా?’ అని అడిగాను. ‘పీకేస్తే ఒక ఏడు కూలి ఎక్కువే దొరుకుతుందయ్యా. తరవాతేడు ఏం తినాలో పీకమన్నవాళ్ళని అడిగి చెప్పు’ అంది. నా దగ్గర జవాబు లేదు. రామనాథపురం, శివగంగ, విరుదునగర్, తూత్తుకుడి జిల్లాల్లో వాన తప్పిన ఏటల్లా కూలివాళ్ళ కడుపు నింపింది ఈ బొగ్గే.

బొగ్గు వ్యాపారి లెక్క కూడా తెలుసుకోవాలి. అతను మీ చేలో కంప కొట్టుకుంటానని వస్తాడు, మీకే ఎదురు డబ్బిస్తానంటాడు. ఖర్చు లేకుండా చేను శుభ్రం అవుతుందని మీరు సంబరపడతారు. అతను కొట్టించేది నేల మట్టానికి పైనే. మూడు నాలుగేళ్ళకి మళ్ళీ చేతికి రావాలి గదా. అతని వరకు అది న్యాయమైన బేరమే, దాపరికం ఏమీ లేదు. మనమే దాన్ని చేను బాగు చేయడం అనుకుంటాం. దుంపలతో సహా తీసుకుపొమ్మని బేరం మొదట్లోనే మాట్లాడుకున్నవాళ్ళు కొందరున్నారు. దుంప కట్టె బొగ్గు గట్టిగా ఉంటుంది, కాబట్టి ఆ బేరానికీ ఒప్పుకునేవాళ్ళు దొరుకుతారు. మీ చేతికొచ్చే డబ్బు తగ్గుతుంది, అంతే.

ఈ చెట్టు కోర్టు కూడా ఎక్కింది. రాజకీయ నాయకుడు వైకో వేసిన వ్యాజ్యంలో మదరాసు హైకోర్టు మదురై ధర్మాసనం 2017 మొదట్లో గట్టి ఉత్తర్వులిచ్చింది. దక్షిణాది జిల్లాల్లో దీన్ని కూకటివేళ్ళతో తీసేయమంది, దీనికోసం చట్టం తెమ్మంది. వాడవాడలా యంత్రాలు దిగాయి. వకీళ్ళు, అధికారులు, కాలేజీ పిల్లలు అందరూ గొడ్డళ్ళు పట్టారు. కొన్ని నెలలకే చెన్నైలోని ప్రధాన ధర్మాసనం ఆగమంది, శాస్త్రజ్ఞుల మాట కూడా వినాలంది. తరవాత ఆ స్టే తొలగింది. 2022లో రాష్ట్ర ప్రభుత్వం అన్యదేశపు మొక్కల మీద ఒక విధానం ప్రకటించింది. తీసేయడంతో పాటు ఆ చోట మన నేల మొక్కల్ని తిరిగి నిలబెట్టాలని అందులో ఉంది. కోర్టు తీర్పుల కన్నా ఆ ఒక్క మాట నాకు ఎక్కువ నచ్చింది.

కోర్టు వేడిలో ఊళ్ళల్లో పుకార్లు కూడా బాగా తిరిగాయి. గాలిలో తేమనంతా ఈ చెట్టు లాగేసుకుంటుందనీ, దీనివల్లే వానలు పడడం లేదనీ, దీని నీడన కట్టేసిన ఆవు చూలు కట్టదనీ. వీటికి ఆధారం లేదు. దీని కింద గడ్డి సరిగ్గా మొలవదన్నది నిజం. చెరువులో పాతుకుంటే మట్టి మేటవేసి నీటి దారికి అడ్డం పడుతుందన్నది నిజం. ఆ రెండే చాలు, లేని పాపాలు దాని నెత్తిన రుద్దక్కరలేదు. ఆ ఉత్సాహంలో పాపం నల్లతుమ్మలు కూడా కొన్ని చోట్ల నేలకూలాయి. రెండింటికీ ముల్లుంది, దూరం నుంచి చూస్తే ఒకలాగే ఉంటాయి. కాయ చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. నల్లతుమ్మ కాయ పూసలు గుచ్చినట్టు నొక్కులు నొక్కులుగా ఉంటుంది, పువ్వు పసుపుపచ్చని బంతి. సీమ చెట్టుకి కాయ నున్నగా కాస్త వంపు తిరిగి, పువ్వు పొడుగాటి కంకిలా ఉంటుంది. ముదుకుళత్తూర్ దగ్గర చిత్రంగుడి పక్షుల చెరువులో కొంగలు గూళ్ళు కట్టేది ఈ రెండు చెట్ల మీదా. అక్కడ గొడ్డలి పట్టేముందు పక్షుల్ని కూడా అడగాలి.

ఇంకో చమత్కారం. మన దసరా జమ్మి దీనికి బంధువే. మొన్నమొన్నటి దాకా శాస్త్రజ్ఞులు రెండింటినీ ప్రోసోపిస్ అనే ఒకే ఇంటిపేరుతో పిలిచారు. 2022లో వేరు కాపురం పెట్టించి సీమ చెట్టుకి నెల్తుమా అని కొత్త పేరిచ్చారు. జమ్మి పాత పేరుతోనే ఉంది. జమ్మి కింద సజ్జ చక్కగా పండుతుంది, రాజస్థాన్ రైతులు దాన్ని చేలో కావాలనే ఉంచుకుంటారు. గట్టు మీద నీడ కావాలనుకునేవాళ్ళు జమ్మి నాటుకోండి.

కంప తీసిన చేను నిజంగా చేనుగా మిగిలిందా అంటే, మాకు దగ్గర్లోనే చూపించవచ్చు. కముది దాటి వల్లందై అనే ఊరుంది. 2007 ప్రాంతంలో పంజాబు నుంచి కొందరు సిక్కు రైతులు వచ్చి అక్కడ కంప కమ్మిన వందల ఎకరాలు కొన్నారు. ఊళ్ళోవాళ్ళు వీళ్ళకేమైనా పిచ్చా అనుకున్నారు. వాళ్ళు కంప తీయించి, మామిడి, జామ, ఉసిరి, కొబ్బరి పెట్టి, అకాల్ ఫార్మ్ అని పేరు పెట్టుకున్నారు. వాళ్ళ దగ్గర రహస్యమేమీ లేదు. చెట్టు తీసిన మర్నాటి నుంచి ఆ నేల మీద మనుషులున్నారు, అంతే. అదే కముదిలో 2016లో 648 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం వచ్చింది. అక్కడ కూడా 2500 ఎకరాల దాకా మెట్ట నేల అద్దాల కిందికి పోయింది. బీడు పడిన నేలకి ఎవరో ఒకరు వస్తారు: చెట్టో, పంజాబు రైతో, కంపెనీయో.

ప్రభుత్వం కూడా ఒక దారి చూపిస్తోంది. 2021లో మొదలైన కలైజ్ఞర్ సమగ్ర గ్రామ వ్యవసాయాభివృద్ధి పథకంలో పక్కపక్కనే పది పదిహేను ఎకరాల బీడు ఉన్న రైతులు ఒక జట్టుగా చేరితే, కంప తీయించి బోరు వేయించే ఏర్పాటు ఉంది. జట్టు అన్నది ముఖ్యం. మీ నాలుగెకరాలు ఒక్కటే శుభ్రం చేసి చుట్టూ ముప్ఫై ఎకరాలు కంప ఉంటే, పక్క చేలో కాయలు తిన్న మేక మీ చేలో పేడ వేస్తుంది.

కాబట్టి పని క్రమం ఇలా పెట్టుకోండి. ఆని నెలలోనో ఆడి నెలలోనో అదను చూసి దుంపలు తీయించండి. తీసిన దుంపల్ని ఎండనిచ్చి బొగ్గువాళ్ళకి ఇచ్చేయండి, చేలో ఉంచొద్దు. ముళ్ళ కొమ్మలు ఏరించాకే లోతు దుక్కి. పురట్టాసి చివర్లో ఈశాన్య వానలకి ముందు ఒత్తుగా సజ్జో, పశుగ్రాసపు జొన్నో చల్లండి. మొదటి ఏడు పత్తి జోలికి పోవద్దు, దాని సాళ్ళ మధ్య ఎండ బాగా పడుతుంది. సీమ కరువేలం మొలకకి నీడ గిట్టదు, ఒత్తుగా పెరిగిన జొన్న కింద అది బక్కచిక్కిపోతుంది. కార్తీకంలో నేల మెత్తగా ఉన్నప్పుడు చేలో తిరిగితే జానెడు మొలకలు కనబడతాయి. రెండు వేళ్ళతో పట్టి లాగితే వేరుతో సహా వచ్చేస్తాయి. అదే మొలకని చూసీ చూడనట్టు వదిలేస్తే వచ్చే ఏడు గునపం కావాలి, ఆ పై ఏడు మళ్ళీ జేసీబీ. ఇలా కనీసం నాలుగైదేళ్ళు ఏరుతూనే ఉండాలి. కాయలు మేసి వచ్చిన మందని చేలో తోలించుకునేవాళ్ళు ఆ నాలుగైదేళ్ళూ ఆ అలవాటు మానుకోవాలి. కాయల్ని దాణాగా వాడాలంటే పిండి కొట్టించి పెట్టండి, గింజ నలిగితే ఇక మొలవదు.

ఏ విత్తనం, ఎంత ఒత్తున అన్న సందేహాలకి మెట్ట పంటల మీద పని చేసే చోట్లు రెండు మనకి దగ్గర్లోనే ఉన్నాయి. కోవిల్‌పట్టి వ్యవసాయ పరిశోధన కేంద్రం 1901 నుంచీ ఉంది. అరుప్పుకోట్టై ప్రాంతీయ పరిశోధన కేంద్రం కోవిలాంగుళంలో ఉంది. జేసీబీకి అడ్వాన్సు ఇవ్వక ముందే ఒకసారి వెళ్ళి రండి, యంత్రం వచ్చాక ఆ తీరిక దొరకదు. ఊళ్ళో ఉండి ఆ మొలకలు ఏరే మనిషి ఎవరన్నది కూడా ఆ లోపే మాట్లాడి పెట్టుకోండి. ఆ మనిషి దొరకకపోతే, ఈ ఏడాదికి ఆ చేను బొగ్గు కాల్చేవాళ్ళకే వదిలేయండి.